రెండు లీటర్ల గ్రైండర్: పిండికి వంక లేదు, బెల్టుతోనే పేచీ

టేబుల్‌టాప్ గ్రైండర్ కొన్నందుకు మినప్పిండి ఒక్కటి చాలు. గ్లాసు గుళ్ళు మిక్సీలో వేస్తే మూడు గ్లాసుల పిండి రావడమే గగనం. ఇందులో అవే గుళ్ళు నాలుగున్నర, ఒక్కోసారి ఐదు గ్లాసులకు పొంగుతున్నాయి. మిక్సీ బ్లేడు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ పప్పును కోస్తుంది, కోస్తూ వేడెక్కిస్తుంది. ఐసు నీళ్ళు పోసి రుబ్బేది అందుకే. రాయి కొయ్యదు, నలుపుతుంది. నలిగిన మినప్పప్పు జిగురు వదులుతుంది, తిరుగుతున్నంతసేపూ ఆ జిగురు గాలిని పట్టుకుంటుంది. గ్లాసుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపేవాళ్ళు ఈ పిండికైతే రెండున్నర దాకా వెయ్యొచ్చు, ఇడ్లీ గట్టిపడదు.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. 150 వాట్ల గ్రైండర్ అరగంట తిరిగితే అయ్యేది 0.075 యూనిట్. 750 వాట్ల మిక్సీ ఆగి ఆగి ఆరు నిమిషాలు తిప్పినా లెక్క అంతే.

రుబ్బడంలో వరస తప్పకూడదు. ముందు పావు గ్లాసు నీళ్ళు పోసి స్విచ్చి వెయ్యాలి. రాళ్ళు తిరగడం మొదలయ్యాకే గుళ్ళు గుప్పెడు గుప్పెడు వెయ్యాలి. పప్పంతా ఒకేసారి పోసి స్విచ్చి వేస్తే రాళ్ళ కింద గింజలు ఇరుక్కుని డ్రమ్ము కదలదు. గ్లాసు గుళ్ళకు మొత్తం గ్లాసున్నర నీళ్ళు పడతాయి, అదీ మూడు నాలుగు నిమిషాలకోసారి చిలకరిస్తూ. 25 నిమిషాలకు పిండి తయారు. ఇంకా నున్నగా రావాలని ముప్పావుగంట వదిలేస్తే ఇందులోనూ పిండి వేడెక్కుతుంది, పట్టిన గాలి పోతుంది.

ఇక పేచీ సంగతి. కొన్నాళ్ళు వాడాక, రుబ్బుతుండగా డ్రమ్ము నెమ్మదిస్తుంది. మోటారు మోత మాత్రం తగ్గదు. కాసేపటికి కాలిన రబ్బరు వాసన వస్తుంది. ఇది చూడగానే మోటారు పోయిందనే అనుకుంటాం. రిపేరు షాపులో కూడా కొత్త మోటారు వెయ్యాలనే చెప్పారు. తీరా విప్పి చూస్తే మోటారు నిక్షేపంగా ఉంది, బెల్టు జారుతోంది. తేడా పట్టుకోవడం సులువే: మోటారు తిరుగుతూ డ్రమ్ము ఆగితే అది బెల్టు. మోటారు కూడా తిరక్కుండా మూలుగుతుంటే కెపాసిటరు (మోటారు తిరగడానికి మొదటి ఊపునిచ్చే చిన్న డబ్బా) పోయినట్టు, లేదంటే ఎండాకాలపు లో వోల్టేజి. రెండో రకంలో వెంటనే స్విచ్చి తీసెయ్యాలి. మూలుగుతున్న మోటారును అలాగే వదిలితే లోపలి తీగచుట్ట (వైండింగు) నిజంగానే కాలుతుంది.

బెల్టు బిగించడానికి షాపు దాకా వెళ్ళక్కర్లేదు. ప్లగ్గు పీకి, డ్రమ్ము తీసేసి, యంత్రాన్ని పాత దుప్పటి మీద బోర్లించాలి. అడుగు రేకు స్క్రూలు విప్పితే మోటారు చిన్న పుల్లీ, డ్రమ్ము కింది పెద్ద పుల్లీ, మధ్యలో బెల్టు కనిపిస్తాయి. మోటారు బోల్టులు ఉండేవి గుండ్రటి రంధ్రాల్లో కాదు, పొడవాటి గాడుల్లో. వాటిని సగం వదులు చేసి మోటారును బయటివైపు లాగి మళ్ళీ బిగించాలి. బెల్టు నడిమధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకంటే బిర్రుగా పెడితే బేరింగు అరుగుతుంది. బెల్టు లోపలివైపు నున్నబడి మెరుస్తున్నా, పగుళ్ళు కనిపించినా బిగించి లాభం లేదు, మార్చాల్సిందే. పాత బెల్టు మీద ఉన్న నంబరు చూపించి అడిగితే విడిభాగాల షాపులో రెండు మూడు వందల లోపే దొరుకుతుంది.

అసలు బెల్టు జారడానికి కారణం ఎక్కువసార్లు నీళ్ళే. కడిగిన డ్రమ్మును అడుగు తుడవకుండా యంత్రం మీద పెడితే ఆ చెమ్మ ఇరుసు వెంట లోపలికి దిగి బెల్టు మీద పడుతుంది. రెండో దారి డ్రమ్ము మధ్యలో ఉండే గొట్టం. పిండి దాని అంచు దాటిందంటే నేరుగా లోపలికే. రెండు లీటర్లు అని పెట్టె మీద రాసింది పొంగిన పిండికి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో రెండు గ్లాసుల గుళ్ళే దీనికి గరిష్ఠం, మూడో గ్లాసు వేస్తే పొర్లుతుంది.

ఒక్కో రాయి నడిమి రంధ్రంలో, ఇరుసు దూరే చోట ఉండే ప్లాస్టిక్ బుష్షుల మాట కూడా చెప్పాలి. వాటిలోకి పిండి చేరి పులుస్తుంది. పైపైన నీళ్ళు తిప్పి వదిలేస్తే మర్నాటికి వాసన. రాళ్ళను ఇరుసు నుంచి లాగి, రంధ్రంలో సీసా బ్రష్షు పెట్టి కడిగి, పక్కకు పడుకోబెట్టి ఆరబెట్టాలి. బుష్షు అరిగితే రాయి ఊగుతుంది, పిండిలో బూడిదరంగు చారలు కనిపిస్తాయి. అవి వచ్చాక ఆ పిండి వాడొద్దు, బుష్షు మార్చాలి.

పైన పొగిడింది ఇడ్లీ పిండిని. గారెల పిండి దగ్గర ఇది అంత నెగ్గుకు రాదు. నీళ్ళు తగ్గగానే పిండి డ్రమ్ము గోడకు ఎక్కి కూర్చుంటుంది, స్క్రేపరుకు అందదు. రెండు నిమిషాలకోసారి ఆపి గరిటెతో కిందికి తొయ్యాలి. రెండు గంటలే నానబెట్టి, గ్లాసుకు అరగ్లాసు నీళ్ళతో సరిపెడితే గారెలు బాగానే వస్తాయి, కానీ పక్కనే నిలబడాలి. గ్లాసు కంటే తక్కువ పప్పయితే రాళ్ళకు పట్టనే పట్టదు, మిక్సీయే నయం. పొంగులో సగం గొప్ప పప్పుది కూడా. పాతబడిన గుళ్ళు ఏ రాతి కింద వేసినా నాలుగు గ్లాసులు దాటవు.

పచ్చళ్ళు ఇందులో వద్దు. రాళ్ళ గాట్లలో వెల్లుల్లి, మిరపగింజలు దాక్కుంటే తర్వాతి రెండు వాయిల ఇడ్లీకీ ఆ ఘాటు తప్పదు. ఇక డబ్బాలో మురిపించే అదనపు సరంజామా: పిండి కలిపే కొమ్ము, కొబ్బరి కోరు. చపాతీ పిండిని ఆ కొమ్ము ఉండలు ఉండలుగా తిప్పి వదిలేస్తుంది, చివరికి చెయ్యి పెట్టక తప్పదు. కోరు బాగానే పనిచేస్తుంది గానీ, ఒక్క కొబ్బరి చిప్ప కోసం డ్రమ్ము దించి అది బిగించే ఓపిక ఎవరికుంటుంది? ఈ రెండింటి కోసం పై మోడలుకు పోయి అదనంగా డబ్బు పోయడం దండగ.

మా ఇంట్లో వారానికోసారి రెండు గ్లాసుల పప్పు నానుతుంది, గట్టు మీద దీనికి శాశ్వతంగా చోటుంది. కాబట్టి మాకు సరిపోయింది. రాళ్ళతో కలిపి పది కిలోలు దాటే బరువు, వాడినప్పుడల్లా అలమరలోంచి దించి ఎక్కించాల్సిన వంటింట్లో సంగతి వేరు. ఇద్దరే ఉండి, నెలకోసారి ఇడ్లీ వేసుకునే ఇంటికి నేనైతే కొనమని చెప్పను. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు కొనేముందు షాపులోనే రాళ్ళు ఎత్తి చూడండి, డ్రమ్మును రోజూ మొయ్యాల్సింది మీరే.