వైజాగ్‌లో హోమ్ సర్వర్‌కి హార్డ్ డిస్కులు కొంటున్నారా? స్క్రీన్ మీద సున్నా గంటలు చూసి నమ్మకండి

ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకుందామని డిస్కులు కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. కొత్తవని చెప్పి, కవర్లో పెట్టి, దాదాపు కొత్త ధరకే నాకు అమ్మిన రెండు 8 టీబీ సీగేట్ డిస్కులూ పాతవి. ఒక్కొక్కటి 23 వేల గంటలకు పైగా తిరిగింది. ఏడాదికి 8,760 గంటలు. అంటే రెండున్నరేళ్లకు పైగా ఎక్కడో రాత్రీ పగలూ పనిచేసి, ఆ లెక్క చెరిపించుకుని ద్వారకానగర్ వైపు ఒక షాపు కౌంటర్ మీదకి వచ్చాయి.

షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఈ సరుకు ఆ ఒక్క షాపులోనే ఉందనుకోవడానికి లేదు. అందుకే మోసం ఎలా జరుగుతుందో చెబుతాను.

కౌంటర్లో కుర్రాడు నా కళ్లముందే డిస్క్ తగిలించి, దాని ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాడు. నీలం రంగులో గుడ్ అని ఉంది, పవర్ ఆన్ అవర్స్ దగ్గర సున్నా. "చూడండి సర్, ఒక్క గంట కూడా తిరగలేదు" అన్నాడు. అతనికి తెలిసే చూపించాడో, పైనుంచి సప్లయర్ ఇచ్చిందే నమ్మి చూపించాడో నేను చెప్పలేను. బిల్లులో మాత్రం "హార్డ్ డిస్క్ 8 టీబీ, 2" అని తప్ప ఇంకేం లేదు. సీరియల్ నంబర్లు వేయమంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ కాలమ్ లేదన్నాడు. చేత్తో అయినా రాసి స్టాంపు వేయమని పట్టుబట్టాను. విసుక్కుంటూనే రాశాడు. ఇవాళ నా చేతిలో ఉన్న ఆధారం ఆ రెండు లైన్లే.

నాది కంప్యూటర్ ఉద్యోగం కాదు, షిప్పింగ్ ఏజెన్సీలో కాగితాల పని. సర్వర్ పని అంతా సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నదే. మొదట పాత ల్యాప్‌టాప్ మీద పై-హోల్ పెట్టి ఇంట్లో ఫోన్లకి యాడ్‌లు ఆపాను. తర్వాత ఆఫీసులు వాడి వదిలేసిన ఒక మినీ పీసీ కొని ఒకే పెట్టెలో చాలా సర్వర్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ ఎక్కించాను, దాని మీద సినిమాలకి జెల్లీఫిన్, ఫోటోలకి ఇమ్మిచ్. బయటినుంచి ఇంటి సర్వర్‌కి ఎందుకు కనెక్ట్ కావడం లేదో తెలియక చాలా రోజులు తల పట్టుకున్నాను. మా బ్రాడ్‌బ్యాండ్ వాళ్లది సీజీనాట్ అని, అంటే చాలా ఇళ్లకి కలిపి ఒకే ఇంటర్నెట్ అడ్రస్ అని, మనకంటూ విడిగా పబ్లిక్ ఐపీ ఇవ్వరని తెలిశాక, మన పరికరాలను ఎక్కడున్నా ఒకదానితో ఒకటి కలిపే టెయిల్‌స్కేల్‌తో ఆ చిక్కు తీరింది.

ఇదంతా సరదాకి మొదలుపెట్టింది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, బీరువా పక్కన పెట్టిన ఆల్బమ్‌లు తడిసి, ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటే విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టింది. మిగిలినవి స్కాన్ చేయించి దాచుకున్నాం. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ పోయింది కదా, అప్పటినుంచి వాటిని మన ఇంట్లోనే, మన చేతిలోనే ఉంచుకోవాలనుకున్నాను. ఈ రెండు డిస్కులూ మిర్రర్‌గా పెట్టి, ఒకటి పోయినా రెండోది ఉండేలా చేద్దామని కొన్నవి. పిల్లల ఫోటోలు, నాన్నగారివి మిగిలిన నాలుగు ఫోటోలు వీటి మీదకే రావాల్సింది. అందుకే నాకు ఇంత కోపం.

డేటా ఎక్కించేముందు పరీక్ష పెట్టే అలవాటు ఉంది కాబట్టి బయటపడింది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, విండోస్‌లోనూ పనిచేస్తుంది. అందులో స్మార్ట్‌సీటీఎల్ (smartctl) కమాండ్‌తో డిస్క్ వివరాలు తీస్తే, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే మామూలు స్మార్ట్ లెక్కలో షాపులో చూపించినదానికి తగ్గట్టే కొద్ది గంటలు వచ్చాయి. సీగేట్ డిస్కుల్లో దీనికి తోడు ఫార్మ్ (farm) అనే ఇంకో లాగ్, అంటే లోపలి రికార్డు, ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. కమాండ్ తర్వాత హైఫన్, చిన్న అక్షరం ఎల్, ఖాళీ, ఫార్మ్ అని కొట్టి, చివర డిస్క్ పేరు ఇవ్వాలి. నాకు అక్కడ కనిపించింది 23 వేల పైచిలుకు. వ్యాపారి దగ్గర పన్నులవాళ్లకి చూపించే పద్దుపుస్తకం ఒకటి, అసలుది ఒకటి ఉన్నట్టు, డిస్క్‌లో పైలెక్క తుడిచేశారు గానీ లోపలి లెక్క అలాగే ఉండిపోయింది. డిస్క్ ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో కూడా అందులోనే ఉంది. అదీ కొత్త సరుకు అన్న మాటకి పొసగలేదు.

ఇది మన ఊరికి మాత్రమే వచ్చిన తెగులు కాదు. 2025 జనవరిలో జర్మనీలో హైజ అనే టెక్ పత్రిక ఇదే మోసాన్ని బయటపెట్టింది. కొత్తవని అమ్మిన సీగేట్ ఎక్సోస్ డిస్కులు వేల గంటలు తిరిగినవని ఫార్మ్ లాగ్‌తోనే తేలింది. 2021లో, డిస్కుల్లో ఖాళీ చోటు వాడి సంపాదించే చియా అనే క్రిప్టో కాయిన్ మోజులో పెద్ద డిస్కులు కుప్పలుగా కొన్నారు, మోజు తగ్గాక అవి చేతులు మారుతూ బజారుకొచ్చాయని అప్పట్లో అనుమానించారు. 2025లోనే మలేషియాలో కౌలాలంపూర్ దగ్గర ఒక గోదాం మీద దాడి చేస్తే, పాత డిస్కుల లెక్కలు చెరిపి లేబుళ్లు మార్చే ముఠా పట్టుబడింది. కాబట్టి తయారీ కంపెనీని తిట్టి లాభం లేదు, మోసమంతా మధ్యలోనే జరుగుతోంది. ఫార్మ్ లెక్కను కూడా మార్చిన డిస్కులు వస్తున్నాయని తర్వాత వార్తలొచ్చాయి. అంచేత ఫార్మ్ బాగుందని కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండకండి.

ఫార్మ్ చూశాక డిస్క్‌ని చేతిలోకి తీసుకుని టార్చ్ వేసి చూశాను. స్క్రూ రంధ్రాల్లో మరల మీద నల్లపెయింట్ చెరిగి తెల్లగా మెరుస్తోంది, అంటే ఎప్పుడో ఏదో ట్రేకి బిగించి తీశారు. డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే సాటా కనెక్టర్ బంగారు కాళ్ల మీద సన్నగా గీతలున్నాయి. లేబుల్ ఒక మూల లేచి, కింద జిగురు ముద్దలా కనిపించింది. కవర్ వేడితో అతికించి లేదు, మడిచి టేపు వేశారు. ఇవన్నీ కౌంటర్ దగ్గరే అర నిమిషంలో కనిపించేవే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డిస్క్ మొత్తం చదివి చూసే లాంగ్ టెస్ట్ పెడితే 8 టీబీకి పన్నెండు గంటల పైనే పడుతుంది. అది నడుస్తుండగానే ఒకదాని స్మార్ట్ లెక్కలో 197వ నంబర్, అంటే పెండింగ్ సెక్టార్లు, పెరగడం మొదలైంది. ఆ డిస్క్ చదవలేకపోతున్న చోట్లు అవి.

రెండూ ఒకే చోటినుంచి, ఒకే వయసుతో వచ్చాయంటే మిర్రర్ పెట్టినా పెద్ద ధైర్యం లేదు. ఒకటి పోయి కొత్తది పెట్టినప్పుడు డేటా అంతా మిగిలిన ముసలి డిస్క్ నుంచే గంటల తరబడి చదవాలి. సరిగ్గా అప్పుడే అదీ పోతే ఇంకేం మిగలదు.

షాపుకి వెళ్తే మొదట "మీరే డిస్క్ మార్చి తెచ్చారు" అన్నారు. బిల్లు మీద వాళ్ల చేతిరాత సీరియల్ నంబర్లు చూపించాక మాట మారింది. "అన్నా, ఎక్స్ఛేంజ్ ఇస్తాం, గొడవెందుకు" అన్నారు. మార్చి ఇస్తామన్న డిస్కులు నా ల్యాప్‌టాప్‌కి తగిలించి అక్కడే ఫార్మ్ చూస్తే వాటి కథా అదే. డబ్బు వెనక్కి ఇవ్వమంటే బిల్లు కింద అచ్చేసిన "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" చూపించారు. సీరియల్ నంబర్లు సీగేట్ వారంటీ పేజీలో కొడితే అవి సిస్టమ్ తయారీదారుకి ఇచ్చిన డిస్కులని, కంపెనీ నుంచి నేరుగా వారంటీ లేదని వచ్చింది.

ఆ అచ్చుకి భయపడాల్సిన పని లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47)లో, పాతదాన్నిగానీ బాగుచేసినదాన్నిగానీ కొత్తదని చెప్పి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని స్పష్టంగా ఉంది. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి బిల్లులో గడువు లేకపోతే 30 రోజులని కూడా అందులోనే ఉంది. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు రాసుకుంటుంది. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

సెకండ్‌హ్యాండ్ అంటే నాకు చిన్నచూపు లేదు. నా మినీ పీసీ సెకండ్‌హ్యాండే, అమ్మినాయన దాని వయసు చెప్పి, ఫ్యాన్ కొంచెం చప్పుడు చేస్తుందని కూడా చెప్పి, దానికి తగ్గ ధరకే ఇచ్చాడు. ఇప్పటికీ బంగారంలా పనిచేస్తోంది. పాత డిస్క్ కూడా పాతదని చెప్పి పాత ధరకి ఇస్తే, మూడో కాపీకి వాడుకునేవాణ్ణి.

కొనేవాళ్లు ల్యాప్‌టాప్, దానికి డిస్క్ తగిలించే సాటా డాక్ వెంట తీసుకెళ్లండి. కొన్ని యూఎస్‌బీ డాక్‌లు ఫార్మ్ లాగ్‌ని చదవనివ్వవు, ముందే ఇంట్లో మీ డిస్క్‌తో చూసుకుని వెళ్లండి. స్మార్ట్ గంటలు, ఫార్మ్ గంటలు రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. వేరే బ్రాండ్లలో ఈ ఫార్మ్ లాగ్ ఉండదు కాబట్టి వాటికి స్క్రూ రంధ్రాలు, కనెక్టర్, వారంటీ పేజీ మీదే ఎక్కువ ఆధారపడాలి. వారంటీ పేజీలో డబ్బు కట్టకముందే సీరియల్ కొట్టి చూడండి. సీరియల్ నంబర్, "కొత్తది" అన్న మాట రెండూ బిల్లు మీద ఉండాలి. రాయనంటే వేరే షాపుకి వెళ్లండి. ఇంటికొచ్చాక బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తం రాసి చదివించండి. 8 టీబీకి నాలుగైదు రోజులు పడుతుంది, అయినా ఓపిక పట్టండి.

నా ఫిర్యాదు 1915లో నమోదైంది, షాపు నుంచి జవాబు రాలేదు, కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఈ మధ్య మన ఊళ్లో సీగేట్ డిస్కులు కొన్నవాళ్లు ఈ రాత్రికే ఫార్మ్ లాగ్ తీసి చూడండి, కొని 30 రోజులు దాటకముందే. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్, బిల్లు ఫోటో దాచుకుని నాకు మెసేజ్ పెట్టండి. ఒకే షాపు మీద నలుగురం కలిసి ఫిర్యాదు చేస్తే కమిషన్ ముందు బలంగా ఉంటుంది.