పది రోజుల ధ్యానం, పన్నెండు రోజుల సెలవు

విపశ్యన అనే ధ్యానాన్ని నేర్పే మౌన శిబిరం పేరుకు పది రోజులే గానీ క్యాలెండర్‌లో 12 తేదీలు పోతాయి. చేరే రోజు మధ్యాహ్నానికల్లా అక్కడుండాలి, ఆ రోజు లెక్కలోకి రాదు, బయటపడేది పదకొండో రోజు పొద్దున. మధ్యలో వచ్చేద్దాంలే అనుకుంటే కుదరదు, చివరిదాకా ఉంటామని ఒప్పుకున్నాకే చేర్చుకుంటారు.

మనకు దగ్గర్లో హైదరాబాద్ వనస్థలిపురం వైపు ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడికెళ్లినా పాఠం ఒకటే, ఈ శిబిరాలను నడిపించి 2013లో కన్నుమూసిన గురువు ఎస్.ఎన్. గోయెంకా గొంతు రికార్డు. ఫీజు లేదు. ఒక్క శిబిరమైనా పూర్తిచేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. ఫోన్, పుస్తకం, పెన్ను, జపమాల ఏవీ ఉండవు. వదులు నూలు బట్టలు, టార్చి, దోమల క్రీము మర్చిపోవద్దు.

పొద్దున 4కి గంట, రాత్రి 9:30కి లైట్లు ఆర్పడం. మధ్యలో పది గంటల పైచిలుకు కూర్చోవడమే. 11కి భోజనం చేస్తే మళ్లీ సాయంత్రం 5కి టీ, పళ్లు. అంతకుముందే శిబిరం చేసినవాళ్లకైతే అవీ ఉండవు.

మొదటి మూడు రోజులూ ఆనాపానం, ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు తడబడేది ఇక్కడే, తెలియకుండానే గాలిని లాగుతారు. ఊపిరి ఎలా ఉంటే అలా చూడమనే కదా చెప్పింది! నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపశ్యన మొదలవుతుంది. తల నుంచి పాదాల దాకా ఒళ్లంతా వెతుకుతూ మంట, దురద, బరువు ఏది తగిలినా చూసి ముందుకు పోవాలి. అప్పట్నుంచి రోజుకు మూడుసార్లు గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోవాలి. పిరుదులు మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉంటే నొప్పి తగ్గుతుంది. అంతేగానీ రోజుకో దిండు పేర్చుకుంటూ పోతే నడుం వంగి వెన్ను పట్టేస్తుంది. మోకాళ్ల జబ్బుంటే దరఖాస్తులోనే రాసి కుర్చీ అడగాలి.

నొప్పి కంటే పెద్ద చిక్కు హాయి. ఒకరోజు ఒళ్లంతా సన్నగా జలదరిస్తుంది, మర్నాడు అదే కావాలని ఎదురుచూస్తూ కూర్చుంటారు, రాదు, ఉసూరుమంటారు. నొప్పిని చూసినట్టే హాయినీ చూసి వదలడమే ఇక్కడి చదువంతా.

లోటు కూడా ఉంది. ఆచార్యుల దగ్గర దొరికేది కాసేపే, అదీ పద్ధతి గురించే అడగాలి. మనసులోని గొడవలు విప్పి చెప్పుకునే చోటు కాదు. తీవ్రమైన మానసిక సమస్యలకు మందులు వాడేవాళ్లు ఆ సంగతి దరఖాస్తులో దాచకూడదు. అంతసేపు మౌనంగా ఒంటరిగా కూర్చుంటే అవి ముదిరే ప్రమాదముంది.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చేయమంటారు. చంటిపిల్లలున్న ఇంట్లో, నైట్ షిఫ్టు ఉద్యోగంలో అది అయ్యే పని కాదు. పొద్దుటి గంట వదలకుండా, పడుకునే ముందు పది నిమిషాలు ఆనాపానం చేసినా నయమే. ఆఫీసులో ఘాటైన మెయిల్ చూడగానే గుండెల్లో వేడి, ఊపిరిలో వేగం తెలిసి, జవాబు కాసేపు ఆగితే శిబిరం పనికొచ్చినట్టే. భార్యో భర్తో నిలదీస్తుంటే పెదవి విప్పకుండా కూర్చుని దానికి సమత, అంటే దేనికీ చలించని మనసు, అని పేరు పెట్టుకోవడం మాత్రం కొత్త సాధకుల జబ్బు. ఎదుటివాళ్లకు అది అలకలాగే కనిపిస్తుంది.

పదో రోజు మౌనం వీడాక మీ ఊళ్లో సామూహిక సాధన ఎక్కడ, ఏ వారం జరుగుతుందో అక్కడే అడిగి రాసుకోండి. గేటు దాటాక ఎవరూ అడగరు.