జాగ్రత్త: ‘ఆటో ఆడియో స్విచ్’ బోర్డు కొనే ముందు కొట్లోనే పరీక్షించండి

తిరుపతి, చిత్తూరుల్లో భజన మందిరాలకు, కల్యాణ మండపాలకు, చిన్న గుళ్లకు మైకుసెట్లు కట్టేవాళ్లు చూసుకోవాల్సిన సంగతి ఇది. ‘ఆటో ఆడియో స్విచ్’ పేరుతో ఒక చిన్న బోర్డు అమ్ముతున్నారు. రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పాట నడుస్తూ ఉంటుంది, మైకులో ఎవరైనా మాట్లాడితే పాట ఆగి మాట వినిపించాలి, మాట అయిపోగానే పాట మళ్లీ రావాలి. “ఏం చూడబన్లేదన్నా, వైర్లు తగిలిస్తే దానంతటదే మారతాది” అంటారు. గంగమ్మ జాతర ముందు, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు తొందరలో ఉన్నవాళ్లకు ఇలాంటివి తేలిగ్గా అంటగట్టేస్తారు. కొట్టు పేరు రాయడం లేదు. ఒకటే బోర్డు నాలుగు చోట్ల నాలుగు పేర్లతో దొరుకుతోంది కాబట్టి పేరు కంటే లోపల ఏముందో తెలుసుకోవడం ముఖ్యం.

కొన్నిటిలో మారే ఏర్పాటే ఉండదు. పైనున్న నల్ల స్లీవు కోస్తే లోపల నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, అంతే. రెండు సౌండ్లనూ కలిపి పంపే మిక్సరు అది, స్విచ్ కాదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో ఆటో అంత. ఇంకో రకంలో జాక్ లోపలే ఒక స్ప్రింగు రేకు ఉంటుంది. పిన్ను దూరిస్తే ఒక సోర్సు తెగి ఇంకోటి వస్తుంది, పిన్ను పీకేదాకా అలాగే ఉంటుంది. రోజంతా మైకు వైరు తగిలించే ఉండే మండపంలో ఇక పాట వినపడదు. సౌండు వస్తోందా లేదా అని కనిపెట్టాలంటే మామూలుగా బోర్డు మీద ఒక ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచడానికి, రెండు వోల్టేజిలను పోల్చడానికి వాడే ఐసీ), దాని పక్కన రెండు చిన్న డయోడ్లు, ఒక ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఉండాలి. అవి లేకపోతే ఆ బోర్డును చేత్తో ముట్టుకోనక్కర్లేదు.

ఐసీలున్న రకం చూడ్డానికి బాగానే ఉంటుంది. సీడీ 4053 అనే స్విచ్ ఐసీ, ఎల్ఎం 358 ఆప్‌యాంప్, ఒక ట్రిమ్మరు (స్క్రూడ్రైవరుతో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టరు). అసలు తంటా ఇందులోనే. ఎక్కువగా కనిపించే జబ్బు ఏమిటంటే, మైకుకి ఒకసారి మారాక మళ్లీ పాటకు రాదు, కరెంటు తీసి పెట్టాల్సిందే. ట్రిమ్మరు ఎంత తిప్పినా లాభం లేదు. కారణం వైరింగులోనే ఉంది. మైకు సిగ్నల్‌ను డయోడ్లతో డీసీగా మార్చి కెపాసిటర్‌లో నింపుతారు, దానికి అడ్డంగా 470 కే (470 వేల ఓమ్‌ల) రెసిస్టరు ఉంటుంది. ఆ వోల్టేజిని ఆప్‌యాంప్ ప్లస్ కాలుకి ఇచ్చి, అవుట్‌పుట్ నుంచి 1 మెగ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టరు తెచ్చి అదే కాలుకి కడతారు. సరిహద్దు దగ్గర టకటకా మారకుండా ఉండాలని దాని ఉద్దేశం. కానీ 12 వోల్టుల సప్లైతో అవుట్‌పుట్ 10.5 వోల్టులకు ఎక్కగానే ఆ 1 మెగ్ గుండా కరెంటు కెపాసిటర్‌లోకే వస్తుంది. 1 మెగ్, 470 కే పంచుకున్నాక కెపాసిటరు మీద 3.3 వోల్టులు ఎప్పటికీ నిలిచిపోతాయి. మారాల్సిన గీత 0.8 వోల్టుల దగ్గర ఉంటే ఇంక కిందికి ఎలా దిగుతుంది? మీటరు పెడితే నిశ్శబ్దంలో కూడా ఆ కెపాసిటరు మీద మూడు వోల్టుల పైన కనిపిస్తుంది. అంతే, దొరికిపోయింది.

రెండోది, 5 వోల్టుల ఫోన్ ఛార్జరుతో నడిచే రకం. ఎల్ఎం 358 అవుట్‌పుట్ సప్లై దాకా ఎక్కదు, దాదాపు వోల్టున్నర కిందే ఆగిపోతుంది. అంటే 5 వోల్టుల మీద 3.5 వోల్టులు. సీడీ 4053 కంట్రోల్ కాలు ‘ఒకటి’ అని ఒప్పుకోవాలన్నా సప్లైలో 70 శాతం, అంటే అదే 3.5 వోల్టులు కావాలి. అంచు మీద నడక అది. ఒకరోజు మారుతుంది, ఒకరోజు మారదు, ఒక్కోసారి ఎడమ ఛానెల్ మారి కుడిది మారదు. పైగా 5 వోల్టుల దగ్గర స్విచ్ లోపలి రెసిస్టెన్స్ కూడా నాలుగైదు వందల ఓమ్‌లకు పోతుంది. 12 వోల్టుల మీద నూటయాభై ప్రాంతంలో ఉంటుంది.

పోనీ 12 వోల్టులు ఇచ్చేద్దామా అంటే ఐసీ మీద రాసింది చూడండి. ‘సీడీ’ రకమైతే 18 వోల్టుల దాకా నడుస్తుంది. ‘74 హెచ్‌సీ’ అని ఉంటే 12 వోల్టులు దానికి ఎక్కువ, కాలిపోతుంది.

ఇంకో విచిత్రం: ఐసీ దగ్గరికి వేలు పెడితే పాట వస్తుంది, తీస్తే పోతుంది. 4053లో 6వ కాలు, అంటే స్విచ్ మొత్తాన్ని ఆపేసే ఇన్‌హిబిట్, గాల్లో వదిలేస్తే జరిగేది ఇది. ఇలాంటి సీమాస్ (CMOS) రకం ఐసీలో ఖాళీగా వదిలిన ఇన్‌పుట్ చుట్టుపక్కల కరెంటు అలజడిని బట్టి ఊగుతుంది. 6, 7, 8 కాళ్లు మూడూ గ్రౌండుకి కలిపారో లేదో బోర్డు తిప్పి చూడండి. ఈ ఒక్కటే లోపమైతే ఒక టంకం చుక్కతో పోతుంది.

రిలే పెట్టిన బోర్డుల్లో చక్కెర గడ్డంత నీలం రిలేలు కనిపిస్తే వదిలేయండి. మోటార్లకు, బల్బులకు 10 ఆంపులు మార్చడానికి చేసినవి అవి. ఆ వెండి మిశ్రమపు రేకుల మీద పొర కడుతుంది, పెద్ద కరెంటు దాన్ని కాల్చేసి దాటుతుంది. మిల్లీవోల్టుల ఆడియోకి ఆ బలం లేదు. కొత్తలో బాగుంటుంది, కొన్నాళ్లకు గరగర. ఆడియోకి బంగారు పూతున్న చిన్న సిగ్నల్ రిలే కావాలి, స్టీరియోకి రెండు పోళ్లది. కాయిల్‌కు అడ్డంగా డయోడు లేకపోతే ట్రాన్సిస్టరు కూడా పోతుంది.

సప్లై గురించి. ‘12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకో’ అని చెప్పి రెగ్యులేటరు లేకుండా ఇస్తారు. 12 ఏసీని బ్రిడ్జి చేసి కెపాసిటరు పెడితే లోడు లేనప్పుడు 16 వోల్టులు దాటుతుంది, లైను 250 ఉంటే ఇంకా పైకి. బోర్డు మీద 16 వోల్టుల కెపాసిటర్లుంటే వాటి తలలు ఉబ్బడం ఖాయం.

కొట్లోనే చేయదగ్గ పరీక్ష చిన్నది. ఒక ఫోన్‌లో పాట పెట్టి ఒక ఇన్‌పుట్‌కి, ఇంకో ఫోన్‌లో ఎవరిదైనా ప్రసంగం పెట్టి మైకు ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ప్రసంగం మొదలవగానే మారాలి, మొదటి అక్షరం కాస్త మింగినా పర్లేదు. ఆపాక ఐదారు సెకన్లలో పాట రావాలి. రెండు మాటల మధ్య పాట దూరితే నిలుపుదల సమయం చాలదు. ఇప్పుడు మైకు వైపు వైరు రెండో చివర పీకేసి గాల్లో వదలండి. ఉత్త వైరుకే మైకు వైపు మారిపోతే 50 హెర్ట్‌జ్ హమ్‌ను మాటగా లెక్కపెడుతోందని అర్థం. మారినప్పుడు స్పీకర్లో ‘టప్’ మంటే రెండు ఇన్‌పుట్ల డీసీ ఒకటిగా లేదు. ఇవన్నీ చూడనివ్వకపోతే ఆ కొట్టు మెట్లు దిగేయండి.

చేయి తిరిగినవాళ్లు సొంతంగా కట్టుకోవడం నయం. ట్రాన్స్‌ఫార్మరు పక్కన పెడితే మిగతా సామానంతా కలిపినా పెద్ద ఖర్చు కాదు. ఇక్కడ దొరక్కపోతే ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

ట్రాన్స్‌ఫార్మరు 15 వోల్టులది తీసుకోండి, పల్లెల్లో లైను 200కి పడిపోయినా 7812కి (12 వోల్టుల రెగ్యులేటరు ఐసీకి) చాలినంత అందుతుంది. నాలుగు 1ఎన్ 4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటరు, 7812, ప్రతి ఐసీ సప్లై కాలు దగ్గర 0.1 మైక్రోఫారడ్. రెండు 10 కే రెసిస్టర్లు, 100 మైక్రోఫారడ్‌తో 6 వోల్టుల పాయింటు చేసుకోండి. 4053లో 16కి 12 వోల్టులు, 6, 7, 8 గ్రౌండు. మైకు ఎడమ 12వ కాలుకి, కుడి 2కి. పాట ఎడమ 13కి, కుడి 1కి. ఒక్కోటి 1 మైక్రోఫారడ్ గుండా రావాలి, ప్రతి కాలు నుంచి 6 వోల్టుల పాయింటుకి 100 కే ఉండాలి. ‘టప్’ శబ్దం రాకుండా చేసేది ఈ 100 కేలే. అవుట్‌పుట్ 14, 15 నుంచి 4.7 మైక్రోఫారడ్ ద్వారా, బయటి వైపు గ్రౌండుకి 100 కే. వాడని 3, 4, 5 కాళ్లను కూడా 6 వోల్టులకే కట్టేయండి.

మైకు ఇన్‌పుట్ జాక్ దగ్గర ఒక్కో ఛానెల్‌కు గ్రౌండుకి 10 కే వేయండి, ఉత్త వైరు హమ్ అక్కడే సగం చస్తుంది. రెండు ఛానెళ్ల నుంచి చెరో 10 కే తెచ్చి కలిపి, 0.01 మైక్రోఫారడ్ గుండా 358 మూడో కాలుకి, అక్కడి నుంచి 6 వోల్టులకు 100 కే. 1, 2 కాళ్ల మధ్య 100 కే, 2 నుంచి 1 కే, 10 మైక్రోఫారడ్ వరసగా గ్రౌండుకి. గెయిన్ 101 వస్తుంది. 1వ కాలు నుంచి 1 మైక్రోఫారడ్, తర్వాత రెండు 1ఎన్ 4148 డయోడ్లు డబ్లరుగా (వోల్టేజి రెట్టింపు చేసి డీసీగా మార్చేలా), 4.7 మైక్రోఫారడ్, దానికి అడ్డంగా 470 కే. ఇది 6వ కాలుకి, అంటే మైనస్‌కి పోవాలి. 5వ కాలుకి ట్రిమ్మరు మధ్య కాలు నుంచి 10 కే, 7కీ 5కీ మధ్య 1 మెగ్. ట్రిమ్మరు 10 కే, దాని పై చివర 47 కే గుండా 12 వోల్టులకు, కింది చివర గ్రౌండుకి. 7 నుంచి 10 కే గుండా 4053లో 9, 10, 11కి. 358కి 8 సప్లై, 4 గ్రౌండు.

ఇలా కడితే మాట వచ్చినప్పుడు 7వ కాలు కిందికి దిగుతుంది, అందుకే మైకును 12, 2 కాళ్లకు పెట్టింది. టకటకా మారకుండా చూసే హిస్టరీసిస్ రెసిస్టరు, అంటే ఆ 1 మెగ్, కెపాసిటర్‌ను తాకదు కాబట్టి ఇరుక్కుపోయే జబ్బు ఉండదు. ట్రిమ్మరు మధ్య కాలు మీద 0.8 వోల్టులు పెట్టి మొదలుపెట్టండి. గట్టి మాట కెపాసిటర్‌ను 8 వోల్టుల దాకా నింపుతుంది, అది 0.8కి దిగడానికి ఐదు సెకన్లు పడుతుంది. హరికథ లాంటి వాటికి మధ్యలో విరామం ఎక్కువ కాబట్టి 470 కేకి అడ్డంగా ఉన్న ఆ కెపాసిటరు 4.7 బదులు 10 మైక్రోఫారడ్ వేసుకోండి.

మైకును నేరుగా దీనికి తగిలించకండి, డైనమిక్ మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. మిక్సరు లైన్ అవుట్ నుంచే రావాలి. స్పీకరు వైర్లు, అందులోనూ 100 వోల్టుల లైను, ఈ బోర్డు దరిదాపులకు రాకూడదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు తగిలించాక గుంయ్‌మంటే గ్రౌండు లూపు, అంటే రెండు పరికరాల గ్రౌండ్ల మధ్య కరెంటు తిరుగుతోందన్నమాట. ఆ సోర్సు ఆడియో వైరులో 600 ఓమ్‌ల ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. ప్లగ్గులో ఎర్త్ కాలు విరిచేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు, మైకు పట్టుకున్న మనిషికి షాక్ కొట్టేది అప్పుడే.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు బిల్లు, బోర్డు రెండు వైపుల ఫోటోలు, పాట తిరిగి రాకపోవడం కనిపించే వీడియో పెట్టుకుని ముందు కొట్టువాడిని అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదుకు కారణం పుట్టిన రెండేళ్ల లోపు వేయాలి. ‘బిల్లు కావాలంటే జీఎస్టీ పడతాదన్నా’ అంటే పడనివ్వండి, ఆ కాగితం లేకుండా పైన చెప్పిన దారులు నడవడం కష్టం.