పింఛనా, పేస్లిప్పా? కాలు ఇబ్బందితో పని చేసుకునేవాళ్లకి ఏది మేలు

"పని చేసుకుంటున్నావుగా, ఇంకా నీకు పింఛనెందుకు?" కాలిపర్ (బలహీనమైన కాలికి ఊతంగా కట్టుకునే చట్రం) వేసుకుని పనికి పోయే ప్రతి ఒక్కరూ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు, అదీ బయటివాళ్ల నోట కాదు, చుట్టాల నోట. వైకల్యం ఎంతో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద ఉండే 55 శాతమో 70 శాతమో కాలి సంగతి చెప్తుంది, అంతే. క్యాంపులో ఎముకల డాక్టరు మోకాలు ఎంతవరకు వంగుతోంది, కండలో బలం ఎంతుంది, ఒక కాలికీ ఇంకో కాలికీ పొడవు తేడా ఎంత అని చూస్తాడు గానీ నువ్వు ఎంత సంపాదిస్తున్నావని అడగడు. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పోయేది పని చేసినందుకు కాదు, ఇంటి ఆదాయం గీత దాటినందుకు. ఈ రెండూ కలిపేసుకుని, ఎవరో ఏదో అన్నారని భయపడి, చేతికొచ్చిన ఉద్యోగాన్ని వదులుకునేవాళ్లు ఉన్నారు. ఇంకోవైపు లెక్క చూసుకోకుండా ఉద్యోగంలో చేరి ఆరు నెలలకి లబోదిబోమనేవాళ్లూ ఉన్నారు. అందుకే కూర్చుని లెక్క వేద్దాం.

ముందు గీత ఎక్కడుందో చూడాలి. ఆంధ్రాలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి 2024 జూలై నుంచి నెలకి 6,000 చేతికిస్తున్నారు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. ఇంటి మొత్తం ఆదాయం పల్లెలో అయితే నెలకి 10,000, పట్నంలో అయితే 12,000 దాటకూడదు. అసలు చిక్కు మన జీతంతో కూడా కాదు, రేషన్ కార్డులో మనతో పాటు ఉన్నవాళ్లతో వస్తుంది. తమ్ముడికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా, వాడి పేరు మీద కారు ఉన్నా (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పర్లేదు), ఇంట్లో ఎవరైనా ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నా, కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటినా ఆధార్ నంబరు పట్టుకుని అన్నీ బయటికొస్తాయి, పింఛను ఆగుతుంది. తెలంగాణలో పింఛను 4,016. అక్కడ షరతులు వేరు, ఇంట్లో ఉద్యోగస్తులున్నారా, పొలం ఎంతుంది అన్నది చూస్తారు, కాబట్టి ఆంధ్రా లెక్క అక్కడ పెట్టుకోవద్దు.

ఇప్పుడు పోలిక. విజయవాడలాంటి ఊళ్లో ఒక్కతే సంపాదించే అమ్మాయి, పోలియో కాలు, 60 శాతం అనుకోండి. మొదటి దారి: ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్, బ్లౌజులు, ఫాల్స్, నెలకి 9,000 వస్తుంది. గీత లోపలే ఉంది కాబట్టి 6,000 పింఛను హక్కుగా వస్తుంది. మొత్తం 15,000. రెండో దారి: షోరూంలో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం, జీతం 14,000, అందులో బేసిక్ 12,000. పీఎఫ్‌కి 1,440, ఈఎస్ఐకి (ఉద్యోగుల వైద్య బీమా) 105 పోతే చేతికి 12,455. జీతం గీత దాటింది, పింఛను వదులుకోవాల్సిందే. పైపైన చూస్తే కుట్టుమిషనే నయం, నెలకి రెండున్నర వేలు ఎక్కువ.

కానీ పీఎఫ్‌లో పడిన 1,440 ఎక్కడికీ పోలేదు, దానికి యజమాని వాటాలోంచి ఇంకో 440 కలుస్తుంది, మిగతా 1,000 ఈపీఎస్ అనే ఉద్యోగుల పెన్షన్ పథకం నిధికి వెళ్తుంది. అంటే పీఎఫ్ ఖాతాలో పడే 1,880 కలిపి చూస్తే తేడా 665 రూపాయలే! ఈ 665కి బదులుగా ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం. ఈపీఎస్ గురించి చాలామందికి తెలియని ముక్క ఒకటుంది: పెన్షన్ రావాలంటే మామూలుగా పదేళ్ల సర్వీసు కావాలి గానీ, ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే ఒక్క నెల కట్టినా వికలాంగ పెన్షన్ వస్తుంది. ఇప్పటికే ఒక కాలు బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఈఎస్ఐ సంగతి కాస్త విడిగా చెప్పాలి. మామూలు ఉద్యోగికి జీతం 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు, వైకల్యం ఉన్నవాళ్లకి ఆ పరిమితి 25,000. ఈ తేడా చాలా ఆఫీసుల్లో హెచ్ఆర్‌కి కూడా తెలియదు, మీరే అడగాలి. ఇక రోజూ బస్సెక్కి దిగి ఉద్యోగం చేసేవాళ్లకి కాలిపర్ ఎంత త్వరగా పోతుందో ఇంట్లో కూర్చునేవాళ్లకి అర్థం కాదు. మోకాలి లాక్ దగ్గర రివెట్టు వదులై నడిచినప్పుడల్లా టక్కుటక్కుమంటుంది, ఎండాకాలం చెమటకి తోలు పట్టీ గట్టిపడి తొడ ఒరుసుకుపోతుంది, వంకరగా అరిగిన బూటు మీద నడిస్తే నడుం నొప్పి మొదలవుతుంది. కొత్తది చేయించాలంటే చేతి డబ్బు వేలల్లో వదులుతుంది. ఈఎస్ఐలో కాలిపర్లు, కృత్రిమ కాళ్లు వైద్యంలో భాగంగానే ఇస్తారు. క్యూ ఉంటుంది, తిప్పుతారు, నిజమే, అయినా ఇస్తారు.

మరి అందరూ పేస్లిప్ వైపే పోవాలా? అలా అనను. యాభై దాటి, ఉన్న ఒక్క మంచి కాలు కూడా అరిగిపోతున్నవాళ్లు పన్నెండు వేల ఉద్యోగం కోసం పింఛను వదులుకోవడం తెలివైన పని కాదు. ప్రైవేటు ఉద్యోగం ఏ నెలైనా పోవచ్చు, పోయిన పింఛను మాత్రం అడిగిన వెంటనే తిరిగి రాదు, కొత్త దరఖాస్తులకి ప్రభుత్వం తలుపు ఎప్పుడు తెరుస్తుందా అని సచివాలయం చుట్టూ తిరగాలి. పాతికేళ్ల వాళ్ల లెక్క వేరే. వాళ్ల జీతం 14,000 దగ్గరే ఆగదు, ముందు ముందు బ్యాంకు లోన్‌కైనా, పెళ్లి సంబంధానికైనా (నవ్వకండి, నిజం) పేస్లిప్పే పనికొస్తుంది. నా లెక్కలో ఆంధ్రాలో, ఇంటి పని మీద వచ్చేదానికంటే ఉద్యోగ జీతం ఐదారు వేలు ఎక్కువుంటే కళ్లు మూసుకుని చేరిపోవచ్చు. అంతకంటే తక్కువ తేడా ఉంటే వయసు, కాలి పరిస్థితి, ఆఫీసులో మెట్లున్నాయా లిఫ్టుందా అన్నవి చూసుకోవాలి. మూడో అంతస్తులో ఆఫీసు, లిఫ్టు లేదంటే 20,000 ఇచ్చినా ఆలోచించండి.

జీతం చేతికి తీసుకుని, లెక్కల్లో పేరు లేకుండా పని చేస్తూ పింఛను కూడా లాగేద్దాం అనే మూడో దారి ఒకటి చాలామంది చెవిలో చెప్తారు. వద్దు. తప్పన్నది పక్కనపెట్టినా, ఆ పనిచోటే పడి చెయ్యి విరిగితే ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు, నువ్వు మా దగ్గర పనే చేయలేదంటాడు యజమాని. 2025లో ఆంధ్రాలో వికలాంగ పింఛన్లు మళ్లీ పరిశీలించి ఎంతమందికి నోటీసులిచ్చారో చూశాం కదా, అర్హత ఉన్నవాళ్లే అప్పీలు పట్టుకుని తిరగాల్సొచ్చింది.

గీత లోపలే ఉండి వేరే ఊళ్లో పని చేసుకునేవాళ్లకి ఒక ఊరట ఉంది. పింఛను ఒకటో తారీఖున సొంతూరి ఇంటి దగ్గర ఇస్తారు కాబట్టి ఇదివరకు ప్రతి నెలా పరిగెత్తాల్సొచ్చేది. ఇప్పుడు రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మూడూ కలిపి తీసుకోవచ్చు. మూడో నెల కూడా వెళ్లకపోతే మాత్రం టెన్షనే.

ప్రభుత్వ ఉద్యోగం దొరికితే పోలికే లేదు, అది వేరే లోకం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్, అందులో చలన వైకల్యం ఉన్నవాళ్లకి 1 శాతం. అదే చట్టం 20వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, ఇది ఉద్యోగంలో ఉండగా యాక్సిడెంట్ అయినవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాలి: సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ ఎవరినీ తీసేయకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకి మార్చాలి. డ్రైవరు, లైన్‌మన్ ఎవరైనా సరే, "నీకెందుకీ తిప్పలు, రాజీనామా రాసివ్వు" అని ఎవరైనా ఎంత ప్రేమగా చెప్పినా సంతకం పెట్టకండి. ప్రైవేటు వాళ్లకి ఈ సెక్షన్ వర్తించదు, ఈఎస్ఐ, ఈపీఎస్, కంపెనీ ఇన్సూరెన్స్, ఏది ఉంటే అదే దిక్కు.

ఏ దారి ఎంచుకున్నా యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) మాత్రం తీసుకోండి. చాలామంది పింఛను రాదు కదా అని సర్టిఫికెట్టే తీసుకోరు, అక్కడే నష్టపోతారు. పింఛనుకి ఆదాయం చూస్తారు, కార్డుకి ఆదాయం చూడరు. ఆర్టీసీలో రాయితీ, తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకి, వాళ్లతో వచ్చే మనిషికి కూడా రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ, జీతంలో వృత్తి పన్ను మినహాయింపు, ఇవన్నీ లక్ష జీతం ఉన్నా వస్తాయి. రైలు రాయితీకి రైల్వే వాళ్ల కార్డు విడిగా చేయించుకోవాలి.

ఇక జీతం బాగా ఉన్నవాళ్లకి పాత పన్ను విధానమా, కొత్తదా అన్న పోలిక మిగిలింది. 2025-26 లెక్కలో ఆదాయపు పన్ను చట్టం 80యూ సెక్షన్ కింద వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, కానీ అది పాత విధానంలోనే. అది పోతుందని పాతదాన్నే పట్టుకు వేలాడేవాళ్లు ఒకసారి ఇది చూడండి. 2025-26కి 18 లక్షల జీతం, 80సీ పొదుపు లక్షన్నర, ఇంటి లోన్ వడ్డీ 2 లక్షలు, హెల్త్ పాలసీ 25,000, 80యూ 75,000, స్టాండర్డ్ డిడక్షన్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ అన్నీ తీసేసినా పాతదాంట్లో పన్ను దాదాపు 1.99 లక్షలు, కొత్తదాంట్లో స్టాండర్డ్ డిడక్షన్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మాత్రమే తీసేస్తే 1.43 లక్షలు. వీటికి తోడు పెద్ద హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్స్) కూడా ఉంటేనే పాతది గెలుస్తుంది. కొత్తదాంట్లో కూడా మనకి మిగిలింది ఒకటుంది, కాళ్ల వైకల్యం ఉన్న ఉద్యోగికి ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లిరావడానికిచ్చే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్. 2025-26లో దాని మీద నెలకి 3,200 వరకు పన్ను లేదు. ఏడాదికి 38,400. స్టాండర్డ్ డిడక్షన్ 75,000తో కలిపితే ఆ ఏడాది 13,13,400 జీతం దాకా పన్ను సున్నా. అయితే ఇది జీతంలో అలవెన్స్‌గా కనిపించాలి, కంపెనీ ఆ పేరుతో ఇవ్వకపోతే రిటర్న్‌లో మనంతట మనం రాసుకుంటే కుదరదు, కాబట్టి ఏప్రిల్‌లో జీతం స్ట్రక్చర్ ఖరారయ్యేలోపే యూడీఐడీ కాపీ జతచేసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి.