జింకకూ ఎల్క్‌కూ ఒకే రైఫిల్: పార్టిషన్, టీటీఎస్ఎక్స్ బుల్లెట్లపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

కొలరాడో రాష్ట్రంలోని ఫ్లాట్ టాప్స్ కొండల పరిసరాల్లో, వైట్ రివర్ జాతీయ అటవీ భూముల్లో, చాలా ఏళ్లుగా శరదృతువులో మ్యూల్ డీర్ జింకలనూ, జింక జాతిలోనే చాలా పెద్దవైన ఎల్క్‌లనూ వేటాడుతున్నాను. నా చేతిలో ఉన్నది .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా వాడే సాధారణమైన బోల్ట్ యాక్షన్ రైఫిల్. 1906లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ తూటా గురించి కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు కనుక, ఈ సమీక్షను తూటా కొసన ఉండే బుల్లెట్‌కే పరిమితం చేస్తున్నాను. నేను ఎక్కువ కాలం వాడినవి రెండు: నోస్లర్ సంస్థ తయారుచేసే 180 గ్రెయిన్ల పార్టిషన్, బార్నెస్ సంస్థ తయారుచేసే 168 గ్రెయిన్ల టీటీఎస్ఎక్స్. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు కాబట్టి మొదటిది దాదాపు 11.7 గ్రాములు, రెండవది 10.9 గ్రాములు తూగుతుంది. జింక ఒక్కటే లక్ష్యమైతే ఈ రెండింటికీ ఖర్చు పెట్టనవసరం లేదనీ, ఎల్క్ కోసమైతే ఈ రెండింటికంటే తక్కువ దృఢమైన బుల్లెట్‌ను నేను రైఫిల్‌లో పెట్టననీ ముందే చెప్పేస్తున్నాను.

ఈ తేడాకు కారణం జంతువుల శరీరంలోనే ఉంది. ఎదిగిన మగ మ్యూల్ డీర్ సాధారణంగా 70 నుంచి 110 కిలోల మధ్య ఉంటుంది. దాని పక్కటెముకలు సన్నగా, తోలు పలుచగా ఉండటం వల్ల, ముందుకాలి వెనుక నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఏ వేట బుల్లెట్ అయినా పని పూర్తిచేస్తుంది. మగ ఎల్క్ సగటున 320 కిలోల వరకూ, ఆడ ఎల్క్ 225 కిలోల వరకూ తూగుతాయి. నల్లమలలోని కణుజును చూసినవారు కూడా మొదటిసారి దగ్గర నుంచి మగ ఎల్క్‌ను చూసినప్పుడు ఆ జబ్బ ఎముక లావుకు ఆశ్చర్యపోతారు. ఈ రెండు జంతువులకూ ఒకే రైఫిల్ వాడేవారు బుల్లెట్‌ను ఎల్క్‌ను దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవాలే తప్ప జింకను దృష్టిలో పెట్టుకొని కాదు.

కొలరాడో చట్టం ఎల్క్ వేటకు కనీసం .24 అంగుళాల వ్యాసం, కనీసం 85 గ్రెయిన్ల బరువు, వంద గజాల వద్ద కనీసం వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని చెబుతుంది. బుల్లెట్ లోపలికి వెళ్లాక విచ్చుకునే రకమే అయి ఉండాలన్నది మరో షరతు. ఇవి కనీస హద్దులు మాత్రమే. 85 గ్రెయిన్ల బుల్లెట్‌తో, ఏటవాలుగా నిలబడిన మగ ఎల్క్ మీద గురిపెట్టడానికి నా మనసు ఒప్పుకోదు.

ఎంపికలో అసలు చిక్కు దూరం దగ్గర వస్తుంది. ఎక్కువ దూరం నుంచి కాల్చినప్పుడే గట్టి బుల్లెట్ కావాలని కొత్తవారు అనుకుంటారు, నిజానికి పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, వేగం తగ్గినప్పుడు బుల్లెట్ మీద పడే ఒత్తిడి కూడా తగ్గుతుంది. అక్కడ ఎదురయ్యే ప్రశ్న అది తగినంత విచ్చుకుంటుందా అన్నది. ముప్పై నలభై గజాల్లో, తుపాకీ గొట్టం నుంచి వెలువడిన వేగం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు జబ్బ ఎముకకు తగిలితే, అది ముక్కలు కాకుండా నిలుస్తుందా అన్నది ప్రశ్న. ఫ్లాట్ టాప్స్‌లో ఈ రెండు పరిస్థితులూ ఒకే ఉదయం ఎదురుకావచ్చు. తెల్లవారుజామున పచ్చిక మైదానానికి అవతలి అంచున మూడు వందల గజాల్లో కనిపించిన మంద, ఎండ ఎక్కేసరికి స్ప్రూస్ చెట్ల చీకట్లోకి వెళ్లిపోతుంది. అక్కడ ఎల్క్ కనిపించినా పూర్తిగా పక్కకు తిరిగి నిలబడటం అరుదు. అందుకే నేను కాగితం మీద గుంపు ఎంత చిన్నగా పడుతుందన్నదానికి, అంటే వరుసగా కాల్చిన గుండ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడతాయన్నదానికి కాక, దగ్గరి దెబ్బకు ముక్కలు కాకుండా, దూరపు దెబ్బకు విచ్చుకోకుండా పోకుండా ఉండటానికే ఎక్కువ మార్కులు వేస్తాను. 300 గజాల లోపల వేటాడేవారికి ఒక అంగుళం గుంపుకూ ఒకటిన్నర అంగుళం గుంపుకూ తేడా ఏమీ ఉండదు.

ఈ రెండింటికి ముందు నేను వాడినవి సీసపు గుండు మీద పలుచని రాగి తొడుగు వేసిన సాదా బుల్లెట్లు. ఆ తరహా బుల్లెట్ పాతదే, చెడ్డదేమీ కాదు. రెమింగ్టన్ కోర్-లోక్ట్ 1939 నుంచి మార్కెట్లో ఉంది, అమెరికాలో లెక్కలేనన్ని జింకలు ఈ తరహా బుల్లెట్లతోనే పడ్డాయి. కానీ నేను అప్పట్లో వాడిన ఒక చౌక రకం, దగ్గర నుంచి కాల్చినప్పుడు, ఆడ ఎల్క్ జబ్బ ఎముకకు తగిలి తొడుగు, సీసం వేరువేరుగా విడిపోయాయి. తొడుగు ఎముక దగ్గరే ఆగిపోగా సీసపు ముక్కలు చెదిరిపోయి, ఒక ఊపిరితిత్తి వరకు మాత్రమే చేరాయి. రెండవ తూటాతో అది పడింది. మాంసం కోసేటప్పుడు ముందు జబ్బ అంతా గడ్డకట్టిన నెత్తురుతో నిండి ఉంది, ఆ భాగంలో చాలావరకు పారవేయవలసి వచ్చింది. అదే పెట్టెలోని తూటాలు జింకల మీద ఏ లోపమూ చూపలేదు.

ఆ తర్వాత పార్టిషన్‌కు మారాను. దీని పుట్టుక కథ వేటగాళ్లందరికీ తెలిసినదే. 1946లో బ్రిటిష్ కొలంబియాలో ఒండ్రు అంటుకున్న మూస్ (ఎల్క్ కంటే పెద్దదైన జింక జాతి జంతువు) మీద తన బుల్లెట్లు లోతుకు వెళ్లకపోవడం చూసిన జాన్ నోస్లర్, లోపల రాగి అడ్డుగోడ కట్టి ముందొక సీసపు గుండు, వెనుకొక సీసపు గుండు పెట్టిన బుల్లెట్‌ను రూపొందించి 1948 నుంచి అమ్మడం మొదలుపెట్టారు. ముందు భాగం తేలికగా విచ్చుకుంటుంది, కొంత సీసాన్ని కోల్పోతుంది. వెనుక భాగం అడ్డుగోడ వల్ల చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. అవతలి వైపు తోలు కింద ఆగిపోయిన నా పార్టిషన్లను కడిగి తూచినప్పుడు మూడింట రెండు వంతుల బరువు మిగిలి ఉండటం మామూలుగా కనిపించింది. ఈ బుల్లెట్‌లో నాకు నచ్చేది దాని నమ్మకమైన ప్రవర్తన: ఆడ జింక మీద పక్కటెముకల మధ్య తగిలినా, మగ ఎల్క్ మీద జబ్బ ఎముకకు తగిలినా, లోపల జరిగిన పని ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నచ్చనిది, ముందు భాగం వదిలే సీసపు తునకలు. జింక మీద దగ్గర నుంచి కాల్చితే మాంసం నష్టం కూడా కొంచెం ఎక్కువే. నా రైఫిల్‌లో ఇది ఎప్పుడూ అద్భుతమైన గుంపులు చూపలేదు, ఒకటిన్నర అంగుళం దగ్గరే ఆగిపోయింది. అది నన్ను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇప్పుడు నేను వాడుతున్నది టీటీఎస్ఎక్స్. బార్నెస్ సంస్థ అప్పటి అధిపతి ర్యాండీ బ్రూక్స్ 1980లలో మొత్తం రాగితోనే బుల్లెట్ తయారుచేయాలన్న ఆలోచనతో మొదలుపెట్టి 1989లో ఎక్స్-బుల్లెట్‌ను తెచ్చారు. ఆ తొలి రకం గొట్టంలో రాగి పూత బాగా పేరుకునేదని దానికి అపకీర్తి ఉండేది. 2003లో వచ్చిన టీఎస్ఎక్స్‌లో బుల్లెట్ చుట్టూ గాడులు పెట్టడంతో ఆ సమస్య చాలా తగ్గింది. టీటీఎస్ఎక్స్ అంటే దానికే ప్లాస్టిక్ మొన తొడిగినది. ఆ మొన వెనక్కి నెట్టుకొని ముందు భాగాన్ని నాలుగు రేకులుగా తెరుస్తుంది. సీసం ఏమీ లేకపోవడం వల్ల విడిపోవడానికి లోపల రెండు లోహాలే లేవు. ఇది దాదాపు మొత్తం బరువును నిలుపుకుంటుంది, అందువల్ల బరువులో ఒక మెట్టు దిగినా లోతు తగ్గదు. సీసం కంటే రాగి తేలిక కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవెక్కుతుంది; 180 కి బదులు 168 గ్రెయిన్లు ఎంచుకోవడానికి అదొక కారణం, వేగం కాస్త పెరగడం మరో కారణం.

ఎల్క్ మీద దీని పనితీరులో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఏటవాలు దెబ్బల గురించి. వెనుక పక్కటెముకల దగ్గర లోపలికి వెళ్లి ఎదురు జబ్బ వైపు నుంచి బయటపడటం దీనితో మామూలు విషయమైపోయింది. అందువల్ల నా దగ్గర తిరిగి దొరికిన టీటీఎస్ఎక్స్‌లు చాలా తక్కువ. రెండు వైపులా రంధ్రం ఉంటే నెత్తురు జాడ దొరుకుతుంది, ఓక్ పొదల్లో ఆ జాడే ఆధారం. అయితే దీనికి ఒక లక్షణం ఉంది, సీసానికి అలవాటుపడినవారు గమనించాలి: ఊపిరితిత్తుల మధ్య నుంచి శుభ్రంగా వెళ్లినప్పుడు జంతువు అక్కడికక్కడే కూలకపోవచ్చు, అరవై డెబ్బై గజాలు పరుగెత్తి పడిపోవచ్చు. అది తప్పిపోయిందని అనుకోకుండా, నిలబడ్డ చోటును గుర్తుపెట్టుకొని, వెళ్లి వెతకాలి. ముందుకాలి వెనుక మడతకు కాస్త ముందుకు, జబ్బ అంచును తాకేలా గురిపెడితే ఈ పరుగు బాగా తగ్గడం నేను గమనించాను. రాగి కాబట్టి ఆ ఎముక చుట్టూ పోయే మాంసం కూడా సీసంతో పోలిస్తే తక్కువే.

దూరం విషయంలో రాగికి ఒక హద్దు ఉంది. ఇది విచ్చుకోవడానికి వేగం కావాలి. చేరే సమయానికి సెకనుకు 2,000 అడుగుల కంటే తక్కువ వేగం ఉంటే నేను కాల్చను. కంపెనీ తూటాలో 168 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 2,800 అడుగుల వేగంతో బయలుదేరుతుంది, సముద్రమట్టపు లెక్కలో 400 గజాలకు చేరేసరికి 2,040 దగ్గరకు దిగుతుంది. తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తులో గాలి పలుచన కనుక అక్కడ ఇంకా కొంత వేగం మిగులుతుంది. నాకు 350 గజాలే ఎక్కువ దూరం కాబట్టి ఈ హద్దు నన్ను కట్టడి చేయదు. ఐదారు వందల గజాల్లో సాధన చేసి, ఆ దూరంలో కాల్చే నేర్పు ఉన్నవారికి హోర్నాడీ ఈఎల్‌డీ-ఎక్స్ వంటి పలుచని తొడుగు బుల్లెట్లు తక్కువ వేగంలోనూ విచ్చుకుంటాయి. చీకటి అడవిలో ఎల్క్ జబ్బ మీద మాత్రం నేను వాటిని ఎంచుకోను. తొడుగునూ సీసాన్నీ అతికించిన నోస్లర్ అక్యూబాండ్ ఈ రెండింటి మధ్య మంచి రాజీ అని మిత్రులు చెబుతారు, వారు తెచ్చే మాంసం చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది.

రాగికి మారడానికి నన్ను ఒప్పించిన మరో విషయం సీసమే. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచడానికి వేటగాళ్లు దానమిచ్చిన జింక మాంసాన్ని పరీక్షించినప్పుడు అందులో కంటికి కనిపించని సీసపు తునకలు బయటపడ్డాయి. ఆ మాంసాన్ని పంపిణీ నుంచి ఆపమని అక్కడి అధికారులు సలహా ఇచ్చారు. వేటగాడు అడవిలో వదిలే పేగుల కుప్పలను తినే గద్దలకూ కాండర్ రాబందులకూ అదే సీసం విషమవుతుంది. కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం ప్రకారం 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో ఏ వేటకూ సీసం వాడరాదు. కొలరాడోలో అలాంటి నిషేధం లేదు. ఇంట్లో పిల్లలు తినే కీమా కోసం నేను నిషేధం వచ్చేదాకా ఆగదలచుకోలేదు. పార్టిషన్ ఎంత మంచిదైనా ఈ ఒక్క విషయంలో దానికి సమాధానం లేదు.

మా ఆవిడ వాడేది 6.5 క్రీడ్‌మూర్ అనే కాస్త చిన్న తూటా రైఫిల్. దానిలో 120 గ్రెయిన్ల టీటీఎస్ఎక్స్‌తో ఆమె జింకలనూ ఆడ ఎల్క్‌లనూ 250 గజాల లోపల వేటాడుతుంది. ఎల్క్‌కు ఈ తూటా చాలదని వాదించేవారు ఆమె తెచ్చిన మాంసంలోని రంధ్రాలను చూడవలసింది. కాల్చినప్పుడు భుజానికి తట్టే దెబ్బ తక్కువ కావడంతో ఆమె నాకంటే నిలకడగా కాలుస్తుంది, ఆ నిలకడ విలువ అర అంగుళపు గుంపు తేడాతో తూచలేనిది.

ధర విషయానికి వస్తే, ఇరవై తూటాల రాగి పెట్టె సాదా సీసపు పెట్టెకు దాదాపు రెట్టింపు పడుతుంది, వేటకాలం దగ్గరపడితే దొరకడమూ కష్టమవుతుంది. అందుకే వేసవిలోనే ఒకే తయారీ బ్యాచ్‌కు చెందిన పెట్టెలు కొని ఉంచుతాను. వలసేతర వీసా మీద ఉన్న మనవారికి ఒక మాట: అమెరికా ఫెడరల్ చట్టం వారికి తుపాకీతో పాటు తూటాలను కూడా సాధారణంగా నిషేధిస్తుంది, అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది. కాబట్టి ఆ లైసెన్సు గడువు చూసుకున్నాకే పెట్టె కొనాలి.

కొత్త బుల్లెట్‌కు మారేటప్పుడు గొట్టాన్ని పాత పూత పోయేదాకా శుభ్రం చేసి, రెండు వందల గజాలకు గురి మళ్లీ సరిచేసుకోవాలి; ఈ గురితో 168 గ్రెయిన్ల టీటీఎస్ఎక్స్ 300 గజాల వద్ద సుమారు ఎనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. నా రైఫిల్‌లో పార్టిషన్, టీటీఎస్ఎక్స్ రెండూ ఒకే గురికి ఒకే చోట పడవు కాబట్టి, ఒకే జేబులో రెండు రకాల తూటాలు పెట్టుకొని అడవికి వెళ్లను.