ఇంట్లో బీర్ మొదలుపెడుతున్నారా? ఆ టెంపరేచర్ కంట్రోలర్ మాత్రం కొనకండి

ఫర్మెంటర్‌లో, అంటే బీర్ పులియబెట్టే పాత్రలో, ఉన్న బీర్ మొత్తం ఇప్పుడే సింక్‌లో పారబోశాను. ఒళ్లు మండిపోతోంది. కొత్తవాళ్ల కోసమేనంటూ ప్రోబ్‌తో (వేడి కొలిచే సెన్సర్ వైరు) సహా, ఫ్రిజ్‌ని ఆన్ ఆఫ్ చేస్తూ వేడిని అదుపులో ఉంచే కంట్రోలర్ అమ్ముతున్నాడే, ఆ సెల్లర్ గురించే చెబుతున్నాను. ఈ సరదా ఉన్నవాళ్లకి ఎవరో అర్థమయ్యే ఉంటుంది, పేరు రాయను.

కొనేముందు రెండే అడిగాను. రీడింగ్ తేడాగా వస్తే సరిచేసుకునే ఆప్షన్ ఉందా? ప్రోబ్ తడిస్తే ఇబ్బందా? "అన్నీ ఉన్నాయి సార్, ప్రోబ్ పూర్తిగా వాటర్‌ప్రూఫ్ సార్" అన్నాడు. డబ్బాపైనా అదే మాట అచ్చేసి ఉంది.

పాత ఫ్రిజ్‌కి తగిలించి, ప్రోబ్‌ని ఫర్మెంటర్ గోడకి టేప్ వేసి, పైన ఫోమ్ ముక్క కప్పి, 19 డిగ్రీలకి సెట్ చేశాను. నేను వేసింది ఏల్ (ఒక రకం బీర్) ఈస్ట్, మామూలుగా 18 నుంచి 20 మధ్య ఉంచితే చాలు. స్క్రీన్ మీద 19 కదలకుండా నిలబడింది. బీర్ మాత్రం నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టింది. గుక్క తాగితే గొంతులో మంట. పులిసేటప్పుడు వేడెక్కితే ఈస్ట్ ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే ఘాటైన ఆల్కహాల్స్ ఎక్కువ చేస్తుంది, ఆ మంట వాటిదే. సీసాల్లో పోసి నెలలు ఆగినా అది పోదు.

అనుమానం వచ్చి గ్లాసు నిండా చితక్కొట్టిన ఐస్ వేసి, కొంచెం నీళ్లు పోసి, బాగా కలిపి ప్రోబ్ ముంచాను. సున్నా చూపించాలి. మైనస్ 7 చూపించింది! అదే గ్లాసులో ఇంట్లో ఉన్న మామూలు థర్మామీటర్ పెడితే సరిగ్గా సున్నా. అంటే స్క్రీన్ మీద 19 ఉన్నంతసేపూ నా బీర్ 26 దగ్గర ఉడికిపోతోందన్నమాట. సరిచేద్దామని మెనూ అంతా వెతికాను, ఆ ఆప్షనే లేదు.

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ఇక్కడే నాకు కడుపు మండింది. "ప్రోబ్‌ని నీళ్లలో ఎందుకు ముంచావ్? నీళ్లు తగిలాయంటే వారంటీ పోయినట్టే" అన్నాడు. వాటర్‌ప్రూఫ్ అన్నది మీరే కదా అంటే, "అది చెమ్మకి, ముంచడానికి కాదు. బీర్ చెయ్యడం చేతకాక వస్తువు మీదకి తోసేస్తే ఎలా బాబూ" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మేదాకా సార్, డబ్బు చేతిలో పడ్డాక బాబూ. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. పోయిన డబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుతోంది. కొత్తవాడు తప్పు తనదే అనుకుని నోరు మూసుకుంటాడన్న ధైర్యంతోనే కదా ఈ వ్యాపారం!

ఎవరి దగ్గర కొన్నా సరే, వోర్ట్ (బీర్‌గా పులియబెట్టే మాల్ట్ ద్రవం) కాచకముందే ఐస్ నీళ్ల పరీక్ష చేయండి. రీడింగ్ సరిచేసుకునే ఆప్షన్, కంప్రెసర్ వెంటవెంటనే ఆన్ ఆఫ్ అవకుండా కొన్ని నిమిషాల డిలే ఉన్నాయో లేదో సెల్లర్ మాట నమ్మకుండా మెనూలోనే చూసుకోండి. ఫర్మెంటర్‌కి అంటించే స్ట్రిప్ థర్మామీటర్ ఒకటి పెట్టుకుంటే రెండు రీడింగులూ పోల్చుకోవచ్చు. జోరుగా పులిసేటప్పుడు ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుంది, గది కన్నా లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. మొదటి మూడు రోజులు గట్టిగా కాపలా కాస్తే తర్వాత అంత టెన్షన్ ఉండదు. కంట్రోలర్ లేకపోతే ఫర్మెంటర్‌ని నీళ్ల టబ్బులో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దునా సాయంత్రం మారుస్తూ ఉండండి. ఆ డబ్బా కన్నా అదే వెయ్యి రెట్లు నయం.

ఇతని దగ్గర కొని ఇలాగే నష్టపోయినవాళ్లు ఐస్ పరీక్ష ఫొటోలు కింద పెట్టండి. అన్నీ కలిపి కంప్లైంట్ చేద్దాం.