కోళ్ల ముక్కుకు తగిలించే గంతలు: ఆరు వారాల వాడకం తర్వాత

మా పెరటిలోని 9 పెట్టల్లో నాలుగింటికి, తోటి కోళ్లు పీకడం వల్ల, తోక మొదలు దగ్గర ఈకలు పోయి ఎర్రటి చర్మం బయటపడింది. ఈకల మీద కొట్టే చేదు స్ప్రే ఒక సీసా మొత్తం వాడినా పీకుడు ఆగకపోవడంతో, ఎదురుచూపును మూసేలా ముక్కుకు తగిలించే ప్లాస్టిక్ గంతల ప్యాకెట్ ఒకటి తెప్పించాను. కోడి నోట్లో రుచి మొగ్గలు మనిషి నోట్లో ఉన్నన్ని ఉండవు కాబట్టి, స్ప్రే మీద అంత ఆశ పెట్టుకోవడం నాదే పొరపాటు. గంతల విషయానికి వస్తే, ఇవి పీకే ముక్కును ఆపుతాయి గాని పీకాలనే బుద్ధిని మాన్పించవు. ఆ తేడా తెలిసి కొనేవారికి పెట్టిన డబ్బు వృథా కాదు.

వస్తువు చాలా చిన్నది. రెండు గుండ్రటి రేకుల్లాంటి ముక్కలను పైన ఒక వంతెన కలుపుతుంది. లోపలి వైపు రెండు మొద్దు కొనలు ఉంటాయి, అవి ముక్కు రంధ్రాల్లో కూర్చుంటాయి. తగిలించాక కోడికి పక్కచూపు, కిందిచూపు మిగులుతాయి, ఎదురుచూపు మాత్రం మూసుకుపోతుంది. ముందు నిలబడిన కోడి ఈకను గురి చూసి పట్టుకోవాలంటే ఆ ఎదురుచూపే కావాలి కనుక, పీకడం అక్కడికక్కడే ఆగుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడను చీల్చుకుంటూ మేకు గుచ్చే పాత రకం ఒకటి ఉంది. కొన్ని దేశాల్లో చట్టం దానిని ఒప్పుకోదు, నేనూ ఎవరికీ సూచించను. నేను కొన్నది గుచ్చని రకం.

ఎవరికి తగిలించాలన్నది మొదటి చిక్కు. అన్నింటికీ పెట్టడం అనవసరం, ఎందుకంటే పీకేవి సాధారణంగా ఒకటి రెండే ఉంటాయి. గుంపులో అన్నీ బోసిపోయి కనిపిస్తుండగా ఏ పెట్ట ఈకలు చెక్కుచెదరకుండా నిగనిగలాడుతున్నాయో దానినే ముందు అనుమానించాలి. నేను రెండు సాయంత్రాలు కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంటే మూడు పెట్టలు దొరికాయి. వాటిలో ఒకటి, మేం ఎంతో సాధువని అనుకున్న నల్ల పెట్ట, పక్కదాని తోక మొదటి నుంచి ఒక్కొక్క ఈకనే లాగి, తాపీగా నమిలి మింగడం కళ్లారా చూశాను. నెత్తి మీద పొడవడం వేరు, అది పెత్తనం కోసం జరిగే పోట్లాట. ఇలా వీపు, తోక దగ్గర చప్పుడు లేకుండా పీకడం నేలను కెలికి తిండి వెతుక్కునే అలవాటు దారి తప్పడం వల్ల వచ్చేది. పుంజు ఎక్కడం వల్ల వీపు బోసిపోయినా, ఏటా ఈకలు రాల్చే కాలం వల్ల పలచబడినా ఈ గంతలతో పనేమీ లేదు.

తగిలించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కోడిని తువ్వాలులో చుట్టి రెక్కలు కదలకుండా ఒడిలో పట్టుకోవాలి, రెండోవారు పటకారుతో గంతల కొనలను కాస్త ఎడం చేసి రంధ్రాల్లోకి జారవిడవాలి. ఎడం ఎక్కువ చేస్తే ప్లాస్టిక్ పట్టు సడలుతుంది. నా మొదటి ముక్క అలాగే పాడై గంటలోపే ఊడిపడింది, దానిని మిగతా కోళ్లు ఏదో పురుగు దొరికినట్టు తరుముకుంటూ తీసుకుపోయాయి. ప్యాకెట్‌తో వచ్చిన సూచనల కాగితంలో ఎంత ఎడం చేయాలో బొమ్మ కూడా లేదు, ఇది తయారీదారు దిద్దుకోవలసిన లోపం. ముక్కు ఇంకా ఎదుగుతున్న పిల్లలకు వీటిని పెట్టకూడదు.

మొదటి పూట చూడడానికి బాధగానే ఉంటుంది. వెనక్కి నడవడం, తల విదిలించడం, కాలితో గోకడం సాయంత్రం దాకా సాగాయి. మర్నాటికి మేత తిన్నాయి, కాని లోతులేని పళ్లెంలో రేకులు అంచుకు తగిలి గింజ అందక ఇబ్బంది పడ్డాయి. దాణాను లోతైన తొట్టిలో నిండుగా పోస్తేనే కుదిరింది. రాత్రి కర్రలపైకి ఎగిరేటప్పుడు కొలత తప్పి ఒకటి కింద పడింది కనుక కొన్నాళ్లు కర్రను దించి కట్టాను. వారానికోసారి రంధ్రాల చుట్టూ మురికి, పుండు ఉన్నాయేమో చూసుకోవాలి.

మూడో రోజు నుంచి కొత్త గాయం కనబడలేదు. అయితే ఈ లాభమంతా ఈకలు తిరిగి వచ్చే కాలానికే పరిమితం. మొదలంటా ఊడిన ఈక చోట కొత్తది వెంటనే మొలకెత్తుతుంది, విరిగి మొదలు చర్మంలోనే మిగిలితే మాత్రం మళ్లీ రాల్చే కాలం దాకా అలాగే ఉంటుంది. కొత్త ఈక కాడలో నెత్తురు ఆడుతుంటుంది, ఆ నీలి ఎరుపు కాడలే మిగతా కోళ్లను మళ్లీ పీకడానికి రప్పిస్తాయి. అందుకే గాయమైన కోడిని వెంటనే వేరు చేయాలి, పీకేదానికి ఈ వారాల్లో గంతలు ఉండాలి.

ఆ వ్యవధిలో కారణం వెతకకపోతే గంతలు తీసిన రోజే కథ మొదటికొస్తుంది. మా దగ్గర దాణాలో సగానికి సగం వట్టి గింజలు కలపడం వల్ల మాంసకృత్తులు పడిపోయాయి. ఈకలో అధిక భాగం మాంసకృత్తే కాబట్టి, గుడ్లు పెట్టే కోళ్లకు సుమారు 16 శాతం ఉన్న దాణానే ప్రధాన మేతగా ఇవ్వాలి. వానల్లో అన్నింటినీ లోపలే ఉంచడం రెండో తప్పు. ఒక్కో పెట్టకు లోపల 4 చదరపు అడుగులైనా లేకుంటే తోచక పీక్కుంటాయి. ఎండుగడ్డి పరిచి గింజలు అందులోనే చల్లడం, ఆకుకూర కట్టను తల ఎత్తున వేలాడదీయడం మొదలుపెట్టాను. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని కర్రల కింద, కోళ్ల నెత్తురు పీల్చే ఎర్ర పురుగులున్నాయేమో కూడా చూశాను, అవి లేవు.

ఆరో వారంలో రెండింటికి గంతలు తీసేశాను, అవి గడ్డి కెలుక్కుంటూ సర్దుకున్నాయి. నల్ల పెట్ట మాత్రం తీసిన అరగంటకే పక్కదాని తోక వైపు నడిచింది, దాని గంతలు మళ్లీ ఎక్కాయి.